ఆయన సైకిలుకు సీటు

జూన్ 12, 1977. ఆదివారం.

రేపు బడి తెరుస్తారు. ఆయన పొద్దున్నుంచీ వసారాలో సైకిలు తలకిందులుగా నిలబెట్టి తుడుస్తున్నారు. చెయినుకు నూనె పెట్టారు. బ్రేకులు బిగించారు. సీటు జోలికి మాత్రం పోలేదు. చివర్లో పాత తువాలు ఒకటి మడతలు పెట్టి దాని మీద వేసి పురికొసతో కట్టారు.

"సీటుకేమయింది?" అని అడిగాను.

"ఏం కాలేదు. గట్టిగా ఉండాది" అన్నారు.

ఎనిమిదేళ్ళుగా అదే సీటు. ఇప్పుడు గట్టిపడింది.

ఈ డైరీ జనవరిలో ఆయనకెవరో ఇచ్చారు. ఆయన ముట్టుకోలేదు. నేను ఎస్సెల్సీ దాకా చదివాను. చేతిరాత బాగుంటుందని అనేవారు. ఫిబ్రవరి పేజీలు దాటేసి ఇక్కడ మొదలుపెడుతున్నాను. ఫిబ్రవరిలో మా చిన్నోడు పోయాడు. తట్టు పోసింది, జ్వరం తగ్గలేదు. మూడేళ్ళ పిల్లవాడు. ఇది ఒకసారి రాసేస్తే మళ్ళీ రాయనక్కర్లేదు.

సీటు సంగతి చూడాలి.

జూన్ 13

సాయంత్రం వీధి మలుపులోనే సైకిలు దిగి నెట్టుకుంటూ వచ్చారు. కాళ్ళు ఎడంగా వేసి నడుస్తున్నారు. అడిగితే గాలి దిగిపోయిందన్నారు. ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే టైర్లు రెండూ నొక్కి చూశాను. రాయిలా ఉన్నాయి.

జూన్ 18

ఆయన బడి కొండ అవతలి పల్లెలో ఉంది. ఉదయగిరి నుంచి పోను ఎనిమిది మైళ్ళు, సగం మట్టి బాట. బస్సు పోదు. ఇట్లా అయితే ఏడాదంతా ఎట్లా తొక్కుతారని గట్టిగా అడిగాను.

"డిసెంబర్లో పడినాను గదా, ప్రమీలా. ఆ దెబ్బే. సీటు ఆడ ఒత్తుకుంటాంది."

డిసెంబర్లో ట్రైనింగని ఆత్మకూరు వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చారు. అక్కడెవరిదో సైకిలు తొక్కుతూ పడ్డానన్నారు. వచ్చాక వారం మంచం దిగలేదు. కాపడం పెడతానంటే వద్దన్నారు. దెబ్బ చూపించనే లేదు. మగవాళ్ళకు కొన్నిచోట్ల సిగ్గు. మోచేతికి, మోకాలికి గీత కూడా పడలేదు. అదృష్టం.

మంచి సీటు ఉంటే తగ్గిపోతుంది.

జూన్ 19

అనంతసాగరం నుంచి అత్త వచ్చింది. సంచి నిండా ఏవో వేర్లు తెచ్చింది. వచ్చీ రాగానే పొయ్యి దగ్గర కూర్చుని కషాయం కాచింది.

"పరగడుపున తాగు. పోయినోడే మళ్ళా నీ కడుపున పడతాడు. మా మేనత్తకు అట్టే జరిగినాది" అంది.

ఆయన పక్కనే నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. ఒకటి తప్పి రెండో దాంట్లో పెట్టి, మళ్ళీ అన్నీ ఊడదీసి పెట్టుకున్నారు.

చేదు మధ్యాహ్నం దాకా నాలుక మీదే ఉంది. ఏదో ఒక రుచి తెలిసింది కదా.

జూన్ 26

వరదను వెంటబెట్టుకుని బస్టాండు దగ్గర మాల్యాద్రి సైకిలు షాపుకు వెళ్ళాను. వరద నా కూతురు, ఒకటో తరగతి. షాపు ముందు ఆడవాళ్ళెవరూ నిలబడరు. మాల్యాద్రి స్టూలు తెచ్చి వేశాడు.

"సారు రాకుండా మీరొచ్చినారేందమ్మా?"

"ఆయనకు తీరిక లేదు. మెత్తటి సీటు కావాల."

రెక్సిను తొడిగిన స్పాంజి సీటు చూపించాడు. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి పోయింది. వరద కూడా నొక్కింది. ఎర్ర అంచు, చూడ్డానికి బాగుంది.

"దూరం తొక్కేవాళ్ళకు ఇది పనికిరాదంటారే కొందరు?"

"ఎవరోలే అమ్మా. వారం చూడండి. బాగలేకుంటే తెచ్చియ్యండి, మార్చిస్తా."

ఇంటికి తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశారు. "నువ్వు పోయినావా షాపుకు?" అన్నారు.

జూలై 2

స్పాంజి సీటు పనికిరాలేదు. ఊరు దాటేదాకా బాగుందట. తర్వాత స్పాంజి అణిగిపోయి కింద రేకు తగులుతోందట. చెమటకు రెక్సిను కాలుతోందట.

"దిగి నిలబడితే కాళ్ళు నాయి కానట్టు ఉండాయి. గిచ్చుకుంటే తెలీలా" అన్నారు.

అదెట్లా ఉంటుందో నాకు తెలుసు. చెప్పలేదు.

జూలై 3

మాల్యాద్రి దాన్ని తీసుకుని వెడల్పు సీటు ఇచ్చాడు. కింద లావుపాటి స్ప్రింగులు. ఆడవాళ్ళ సైకిలుది.

జూలై 6

తొడలు ఒరుసుకుపోయి వచ్చారు. కొబ్బరినూనె ఇచ్చాను. మళ్ళీ పాత సీటు, పాత తువాలు.

జూలై 10. ఆదివారం.

ఖాదర్ బాషా అని పెద్దవీధి చివర తోలు పని చేసే ఆయన ఉన్నాడు. ఒకప్పుడు జట్కా గుర్రాలకు జీనులూ పట్టీలూ కుట్టేవాడు. ఇప్పుడు జట్కాలు తగ్గి చెప్పులు, సంచులు కుడుతున్నాడు. సీటు కథంతా చెప్పాను.

"మెత్తంది మెత్తంది అని పోతారు తల్లా. మెత్తందాంట్లో మనిషి దిగబడతాడు. తోలు అట్ట కాదు. ముందు కొన్నాళ్ళు ఏడిపిస్తాది. ఆమీద మనం ఎట్టుంటే అట్ట వంగుతాది" అన్నాడు.

"అయితే తోలుదే కుట్టియ్యి."

"ఊరికే కుట్టేదానికి కాదు. కూసునేటప్పుడు కింద రెండు ఎముకలు ఆనతాయి చూడు, వాటి ఎడం తెలవాల. అది తెలీకుండా చేస్తే చెక్క మీద కూసునట్టే. పీట మీద తడిమన్ను పరిచి సారును కూసోబెట్టు. గుంటలు పడతాయి. ఎడం కొలిచి తీసుకరా."

నాకు నవ్వు రావాలి. రాలేదు. సరేనన్నాను.

ఐదారు తోలు ముక్కలు తెచ్చి నా ముందు పడేసి ఏరుకోమన్నాడు. ఒకటి నున్నగా మెరుస్తోంది కానీ వంచితే ముడత పడింది. ఒకటి మందంగా ఉంది, వంగనే లేదు. గోటితో ఒక్కొక్కటే నొక్కుతూ కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో. చివరికి ఎనుము తోలు ముక్క ఒకటి తీశాను. మందంగానే ఉంది, నొక్కితే కొంచెం ఒప్పుకుని మళ్ళీ లేచింది.

"అదేనా?" అన్నాడు.

"అదే."

ఈ ఐదు నెలల్లో నాకిది కావాలని నేను చెప్పిన మొదటి వస్తువు అదేనేమో.

జూలై 17. ఆదివారం.

పెరట్లో పీట మీద ఎర్రమన్ను పిసికి పరిచాను. పాత పంచె కట్టుకుని రమ్మంటే ఆయన రానన్నారు. వరద చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆయన కూర్చున్నారు. లేవబోతే మన్ను పంచెకు అతుక్కుని పీట కూడా లేచింది. వరద పడీ పడీ నవ్వింది. "నాయనకు తోక వచ్చింది" అంది. ఆయనా నవ్వారు.

అత్త వాకిట్లోంచి కేకేసింది. "చిన్నోడు పోయి ఏడాది గూడా తిరగలా. ఏందిరా మోహనా ఆ నవ్వులు?"

ఆయన నవ్వు ఆపి గోడ వైపు తిరిగారు. వరద కూడా ఆపింది. నేను చీపురుపుల్ల ఒకటి విరిచి గుంటల మధ్య ఎడం కొలిచాను. పుల్లను కొంగున ముడి వేసుకున్నాను.

జూలై 22. శుక్రవారం.

అత్త నన్ను ఏ.యస్. పేట దర్గాకు తీసుకుపోయింది. బస్సులో నిలబడే పోయాం. పిల్లల కోసం వచ్చినవాళ్ళే చాలామంది. అత్త చెప్పినట్టు కొంగు పట్టాను. ఏం కోరుకోవాలో తోచలేదు. సీటు కుదరాలని కోరుకున్నాను.

ఆయన రాలేదు. బడి ఉందన్నారు.

జూలై 28

ఈ నెలా అంతే.

ఆగస్టు 6

సీటు వచ్చింది. పాత చట్రానికే కొత్త తోలు బిగించి, చుట్టూ రాగి మేకులు కొట్టాడు. వాసన బాగుంది. రోజూ ఆముదం రాయమన్నాడు. ఆయన బడి నుంచి రాగానే నేను సైకిలు దగ్గర కూర్చుని గుడ్డతో రాస్తున్నాను. కింది వైపు కూడా.

"బాగుండాది" అంటున్నారు ఆయన. తువాలు మాత్రం తీయలేదు.

ఆగస్టు 14

బాగలేదు. ఖాదర్ బాషా నట్టు మరీ బిగించాడు. వదులు చేయించుకొస్తే నడుమ జోలెలాగా సాగి ముందరి మొన పైకి లేచింది. "నాదే తప్పు తల్లా, గుర్రం కొలత మనిషికి పెట్టినాను" అని నెత్తి కొట్టుకున్నాడు. మళ్ళీ బిగించాడు.

ఎముకల దగ్గర నొప్పి లేదట. వాటి మధ్యనట.

ఆగస్టు 26

ఈ నెలా అంతే. అత్త కషాయం చిక్కగా కాస్తోంది. శుక్రవారాలు, శనివారాలు రెండూ ఒక్క పొద్దే తినమంటోంది. ఆకలి ఎటూ లేదు కాబట్టి కష్టంగా లేదు.

ఆయన వసారాలో పడుకుంటున్నారు. ఉక్కపోతట.

సెప్టెంబర్ 4. ఆదివారం.

సీటు తీసుకుని ఖాదర్ బాషా దగ్గరికి పోయాను. ఎముకల మధ్య ఒత్తుకుంటోందని ఎట్లా చెప్పాలో తెలియక, సారుకు ఇంకా కుదరలేదు అని మాత్రమే అన్నాను. అతను సీటును వెలుగుకు పట్టి చూశాడు.

"ఇది చీల్చాల్సిందే. నడుమ పొడుగ్గా చీల్చి, అంచులు మడిచి కుడతా. ఒత్తిడి ఆడ పడదు. మా బామ్మర్దికి అట్టే చేసిచ్చినా. ఇప్పుడు సుబ్బరంగా తొక్కతాడు."

"ఆయనా సైకిలు మీద నుంచి పడినాడా?"

"పడేదేంది తల్లా? ఆపరేషనే గదా. బాబ్జాన్, మా బామ్మర్ది, తాలూకా ఆఫీసులో ప్యూను. డిసెంబర్లో ఆత్మకూరు క్యాంపులో సారూ వాడూ ఒకే దినం. పక్కపక్క మంచాలంట. మా వోడికి చీము పట్టింది. సారుకూ అట్టే అయింటాది. అందుకే ఇన్నాళ్ళు సలుపు."

"ఏ మంచాలు?" అన్నాను.

ఎందుకు మంచాల గురించి అడిగానో తెలియదు.

అతను చేతిలోని తోలు కుట్టే ఆరె కింద పెట్టాడు. "పిల్లలు పుట్టకుండా కోసినారు గదమ్మా, అయ్యోర్లనీ ప్యూన్లనీ. మీకు… తెలవదా?"

"తెలుసు" అన్నాను.

"అదే మల్ల."

"ఎప్పుడు రమ్మంటావు?"

"గురువారం రా తల్లా."

ఎండగా ఉంది. బస్టాండు దగ్గర టమాటాలు కొన్నాను. ఇంటికి వచ్చి వరదకు జడ వేశాను. ఒక జడ ఎత్తుగా, ఒకటి కిందికి వచ్చింది. విప్పి మళ్ళీ వేశాను.

సెప్టెంబర్ 5

కషాయం తాగాను.

సెప్టెంబర్ 8

సీటు తెచ్చాను. నడుమ చీలిక, చుట్టూ సన్నటి కుట్టు. పనితనం బాగుంది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని చీలికలో వేలు పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా రాశారు.

"ఇట్ట చీల్చమని ఎవరు చెప్పినారు?"

"ఖాదర్ బాషా."

"ఇంకేం చెప్పినాడు?"

"ఇట్టయితే ఒత్తుకోదన్నాడు."

నా ముఖంలోకి చూశారు. నేను లాంతరు చిమ్నీ తుడుస్తున్నాను. తుడిచిందే తుడుస్తున్నాను. ఆయన స్పానరు తీసుకుని వసారాలోకి పోయారు.

సెప్టెంబర్ 9

ఇంటి గడప దాకా తొక్కుకుంటూ వచ్చారు. తువాలు లేదు. "ఇప్పుడు కుదిరినాది, ప్రమీలా" అన్నారు. సంతోషంగా అన్నారు.

కుదిరింది. నేను ఏరిన తోలే.

సెప్టెంబర్ 11

పోయిన చలికాలం ఊళ్ళో ఏం జరిగిందో అప్పుడు నేను సరిగా వినలేదు. పిల్లలతో సరిపోయేది. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఆపరేషనుకు మనుషుల్ని తీసుకురమ్మని అయ్యోర్లకు పైనుంచి చెప్పారు. లేకపోతే ఉద్యోగాలు కష్టమన్నారు. పల్లెల్లో మగవాళ్ళు జీపు చప్పుడు వింటే జొన్న చేలల్లో దూరేవాళ్ళు. ఎవరో ఒక అయ్యవారు పెళ్ళికాని జీతగాణ్ణి పట్టుకుపోయాడని కూడా చెప్పుకున్నారు.

ఆయన ఎవరినీ పట్టుకుపోలేదు. తనే పోయారు.

అప్పటికి మాకు ఇద్దరు. ఇద్దరూ బాగున్నారు. చెప్పి ఉంటే నేను కాదనేదాన్ని కాదేమో. అది తలుచుకుంటే కోపం రావడం లేదు.

కషాయం తలుచుకుంటే వస్తోంది. రోజూ గ్లాసు కింద పెట్టేదాకా నన్ను చూస్తారు. తర్వాత సైకిలు తీస్తారు.

సెప్టెంబర్ 19

అత్త పట్టుబట్టి ఆత్మకూరు లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన సెలవు పెట్టి వచ్చారు. డాక్టరమ్మ చూసి నాకేమీ లోపం లేదంది. అత్త వదల్లేదు. ఇంత దూరం వచ్చినాం, ఏదో ఒకటి చెయ్యమంది. సరే, గర్భసంచి శుభ్రం చేసి చూద్దాం, మత్తిచ్చి చేస్తాం, అక్టోబర్ మూడున రమ్మంది. ఆమె చెబుతున్నంతసేపూ ఆయన గోడ మీది పాల డబ్బా పిల్లవాడి బొమ్మను చూస్తున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త నిద్రపోయింది.

"భయంగా ఉండాదా?" అన్నారు.

"లేదు."

కాసేపటికి, "చిన్న పనేనంట" అన్నారు.

చిన్న పనేనంట.

సెప్టెంబర్ 25

వెళ్తాను. నాకు తెలుసని ఆయనతో చెప్పను. ఎక్కడిదాకా చూస్తూ ఊరుకుంటారో చూస్తాను. ఇది మొండితనమా అని నన్ను నేను అడుగుతున్నాను. జవాబు రావడం లేదు. భయం కూడా రావడం లేదు. ఒకవేళ లోపల గీకుతుంటే అయినా ఏదైనా తెలుస్తుందేమో.

అక్టోబర్ 2

రేపే. పొద్దున ఏమీ తినవద్దన్నారు. వరదను పక్కింటి పిచ్చమ్మకు అప్పగించాను.

ఆయన ఇవాళ సైకిలు తుడిచారు. సీటుకు ఆముదం రాశారు. మూడుసార్లు వంటింట్లోకి వచ్చి నీళ్ళు తాగారు. మూడుసార్లూ ఏదో చెప్పబోతున్నారనుకున్నాను.

అక్టోబర్ 4

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నేను, అత్త, ఆయన. ఇంకా చాలామంది ఆడవాళ్ళున్నారు. ఆయా వచ్చి గాజులు తీసేయమంది. తీసి అత్త చేతికిచ్చాను. లోపలి నుంచి స్టవ్ మీద సూదులు మరిగే చప్పుడు వస్తోంది.

"ప్రమీలమ్మ ఎవరు?" అని పిలిచారు. లేచాను. ఆయన వైపు చూశాను. తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నారు. నడిచాను. తలుపు దగ్గర పచ్చ గుడ్డ కట్టారు. దాన్ని పక్కకు జరిపి ఒక కాలు లోపల పెట్టాను.

"వద్దు" అని అరిచారు.

అంత గొంతు ఆయనకుందని నాకు తెలియదు. బడిలో కూడా మెల్లగా మాట్లాడే మనిషి. అందరూ తిరిగి చూశారు.

"ఆమెను తీసుకుపోవద్దు. ఆమెకేం లేదు. కోయించుకునింది నేను. నాకు పిల్లలు పుట్టరు. ఆమె తప్పేం లేదు."

ఆయా నోట్లో ఆకువక్క నములుతూ ఆగిపోయింది. అత్త లేచి ఆయన చొక్కా పట్టుకుంది.

"ఏందిరా మోహనా అంటుండావు? ఎవురు కోసినారు? ఎప్పుడు?"

"డిసెంబర్లో, అమ్మా. ఈ ఊళ్ళోనే."

"వాడు పోక ముందా?"

"ముందే."

అత్త ఆయన్ని కొట్టలేదు. అక్కడే నేల మీద కూర్చుని నా గాజులు ఒళ్ళో పెట్టుకుంది. బల్ల మీది ఆడవాళ్ళలో ఒకామె జరిగి ఆమెకు ఆనుకోడానికి చోటిచ్చింది.

నేను తలుపు దగ్గర్నుంచి వెనక్కి వచ్చాను.

"తెలుసు" అన్నాను.

"ఏంది?"

"నాకు తెలుసు. సీటు చీల్చినప్పటి నుంచి తెలుసు."

ఆయన ముఖం అట్లా అవడం చిన్నోడు పోయిన రోజు చూశాను. మళ్ళీ ఇప్పుడే.

"తెలిసి… ఇన్నాళ్ళు ఆ కషాయం తాగినావా?"

"మీరు చూస్తానే ఉండారు గదా."

ఇంకేమీ అనలేదు. అనడానికి ఎంతో ఉందనుకున్నాను. అదొక్కటే ఉంది. ఆయా వచ్చి, లోపలికి వస్తావా రావా అని అడిగింది. రానన్నాను.

బస్సులో ముగ్గురం మూడు చోట్ల కూర్చున్నాం.

అక్టోబర్ 5

అత్త అనంతసాగరం వెళ్ళిపోయింది. పోతూ వేర్ల సంచి పెంటలో పడేసింది. గడప దగ్గర నా తల మీద చెయ్యి పెట్టింది. "పిచ్చిదాన్ని, నాకేం తెలుసు" అంది. నాకు ఆమె మీద ఎప్పుడూ కోపం లేదు. ఆ మాట ఆమెకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

అక్టోబర్ 9. ఆదివారం.

ఆయన మాట్లాడారు. వరద వీధిలో ఆడుకుంటోంది. నేను చింతపండు గింజలు తీస్తున్నాను. ఎదురుగా వచ్చి కూర్చుని తనూ తీయడం మొదలుపెట్టారు.

"ముగ్గురిని తెమ్మన్నారు. పల్లెలో తిరిగినాను. నన్ను చూస్తే లేచి నిలబడే మనుషులు, ప్రమీలా. వాళ్ళను ఏమని పిలిచేది? నేను పోతే ఒకటి తగ్గుతాదనుకున్నా. సిగ్గేసి నీకు చెప్పలా. పుండు మానినాక చెప్దామనుకున్నా."

గింజలు తీస్తూనే ఉన్నాం.

"చెప్దామనుకునే లోపల వాడికి జ్వరం వచ్చినాది."

నాకు ఏడుపు వస్తుందనుకుని చూశాను. రాలేదు. చింతపండు అయిపోయింది. పళ్ళెం లోపల పెట్టాను.

రాత్రి ఆయన పక్క వసారాలోనే వేశాను.

అక్టోబర్ 16

వానలు. బాటంతా బురద. సైకిలు భుజాన వేసుకుని వాగు దాటి పోతున్నారు. సీటుకు నూనెగుడ్డ కట్టి పంపుతున్నాను. తడిస్తే తోలు సాగుతుంది. ఎవరి మీద కోపమున్నా తోలు పాడుచేసుకోకూడదు.

అన్నం పెట్టేటప్పుడు అడిగాను.

"వాణ్ణి ఎక్కడ పెట్టినారు?"

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. ఆ రోజు మగవాళ్ళే తీసుకుపోయారు. ఆడవాళ్ళం గడప దాటలేదు. పచ్చ తువాలులో చుట్టి ఆయనే ఎత్తుకున్నారు. వీధి మలుపు దాకా కనిపించారు. ఆ తర్వాత ఎటు పోయారో నాకు తెలియదు. ఎనిమిది నెలలుగా నేనడగలేదు. ఆయన చెప్పలేదు.

"ఆడోళ్ళు పోకూడదంటారు" అన్నారు.

"ఎవరు?"

చెయ్యి కడుక్కుని వచ్చాక, "వాన తగ్గనీ" అన్నారు.

అక్టోబర్ 30. ఆదివారం.

వాన తెరిపి ఇచ్చింది. వరదను పిచ్చమ్మ దగ్గర వదిలి పొద్దున్నే బయలుదేరాం. నడిచే పోయాం. కొండవైపు బాటలో ఊరి ఇళ్ళు అయిపోయాక ఒక గుట్ట. గుట్ట వెనక బీడు. పిల్లల్ని అక్కడే పెడతారట. ఇంత దగ్గరని నాకు తెలియదు. మా పెరట్లో నిలబడితే ఆ గుట్ట కనిపిస్తుంది.

ఫిబ్రవరిలో అక్కడ గడ్డి పరక లేదట. గుర్తుగా ఒక రాయి పెట్టానన్నారు. ఇప్పుడు మోకాలెత్తు గడ్డి. రాళ్ళు ఎన్నో. ప్రతి ఒక్కరూ ఒక రాయి పెట్టే పోయారు.

"ఇక్కడే" అన్నారు. తుమ్మచెట్టు కింద, గడ్డి చేతులతో పక్కకు తీశారు. రాయి ఉంది. నేను దగ్గరికి పోయేలోపే ఆయన ముఖం మారింది. లేచి పది అడుగులు అవతలికి పోయారు. అక్కడా తుమ్మచెట్టే. అక్కడా రాయే.

"కాదు, ఇదేమో. ఎండ ఇటునుంచి పడినాది ఆ పొద్దు. కాదు…"

మళ్ళీ ఇక్కడికి వచ్చారు. మళ్ళీ అక్కడికి. గడ్డి పీకుతున్నారు. చేతులు చీరుకుపోయాయి. "తెలుస్తాది, ఉండు, తెలుస్తాది" అంటూనే ఉన్నారు. రెండింటి మధ్య నిలబడిపోయి పెద్దగా ఏడ్చారు. ఆయన ఏడవగా నేను చూడలేదు ఇంతకుముందు.

"వాణ్ణి గూడా పోగొట్టినానే, ప్రమీలా" అన్నారు.

వాడి పేరు పెంచలనరసయ్య. పెంచలు అని పిలిచేవాళ్ళం. ఈ పుస్తకంలో ఒక్కసారి కూడా రాయలేదు. అక్కడ నిలబడి పైకే పిలిచాను. ఎటు తిరిగి పిలవాలో తెలియక రెండు వైపులా పిలిచాను.

తర్వాత మొదటి రాయి పక్కన కూర్చున్నాను. మట్టి తడి చీరలోంచి ఒంటికి తగిలింది. చల్లగా ఉంది. చాలాసేపు కూర్చున్నాను. అప్పుడు లేచి, రెండో రాయి దగ్గరికి పోయి అక్కడా కూర్చున్నాను. ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నారు. జరిగి చోటిచ్చాను.